గేర్‌బాక్స్ చాంబర్‌కు రెండు రంధ్రాలు

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న బండిని వారంటీ గడువు దాటాక అమ్మేయకుండా ఏళ్ల తరబడి నడపాలనుకునేవాళ్లు, ఆ గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్‌కు రెండు రంధ్రాలు పెట్టించుకోవాలన్నది నా వాదన. ఒకటి ఆయిలు దించుకోవడానికి డ్రెయిన్ బోల్టు కోసం, రెండోది ఆయిలు వేడిని చూపించే సెన్సర్ కోసం. మొదటిదాన్ని మెకానిక్ సౌకర్యంగానూ, రెండోదాన్ని డాష్‌బోర్డు మీద మీటర్లు పెట్టుకునే కుర్రాళ్ల సరదాగానూ కొట్టిపారేయడం నేను చాలాసార్లు విన్నాను. ఈ రెండూ నిజానికి ఒకే పని. వేడి తెలియకుండా ఆయిలు మట్టం చూడడం కుదరదు, మట్టం సరిచూసుకోలేనివాడు ఆయిలు దించి లాభం లేదు.

ఇక్కడ చెప్పేదంతా టార్క్ కన్వర్టర్, అంటే ఇంజిన్ శక్తిని ఆయిలు ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం, ఉన్న ఆటోమేటిక్ గురించే. చిన్న కార్లలో ఏఎంటీ పేరుతో వచ్చేది మామూలు గేర్‌బాక్సే, క్లచ్‌నూ గేర్లనూ మనకు బదులు ఒక మోటారో హైడ్రాలిక్ పరికరమో కదుపుతుంది, కాబట్టి దానికి ఈ గొడవ లేదు. సీవీటీ, డ్యూయల్ క్లచ్ అనే మిగతా రకాల ఆటోమేటిక్‌లకు ఆయిలు వేరు, పద్ధతి వేరు. మాది పదేళ్లు దాటిన డీజిల్ ఎస్‌యూవీ. దాని చాంబర్ ఇనుప రేకుది, అందులో డ్రెయిన్ బోల్టు లేదు.

డ్రెయిన్ బోల్టు లేని చాంబర్‌ను ఎలా దించుతారో ఒకసారి దగ్గరుండి చూస్తే నా వాదన సగం అర్థమైపోతుంది. చుట్టూ ఉన్న పదిహేను ఇరవై చిన్న బోల్టుల్లో ఒక వైపువి పూర్తిగా తీసేసి, ఎదుటి వైపువి వదులుచేసి, పాత ప్యాకింగ్‌కు అంటుకుపోయిన అంచు కిందికి స్క్రూడ్రైవర్ దూర్చి లేపుతారు. ఒక క్షణం ఏమీ జరగదు. ఆ తర్వాత అంచు ఒక్కసారిగా వదిలి, ఎర్రటి ఆయిలు వెడల్పాటి ధారగా జారుతుంది. కింద పెట్టిన తొట్టిలో పడేది కొంత, క్రాస్ మెంబర్ మీదుగా సైలెన్సర్ పైపు మీదికి పోయేది కొంత, మెకానిక్ మోచేతి దాకా పాకేది కొంత. ఎంత దిగిందో కొలవడానికి ఇక మిగిలేది ఏమీ ఉండదు. బండి వేడిగా ఉన్నప్పుడు దించితే అడుగున చేరిన మడ్డి కూడా ఆయిలుతో కలిసి వచ్చేస్తుందని అందరికీ తెలుసు, కానీ ఈ పద్ధతిలో వేడి ఆయిలు జోలికి ఎవరూ పోరు, చెయ్యి కాలుతుంది. అందుకని బండిని చల్లారబెట్టి, చిక్కబడిన ఆయిలునే దించుతారు.

అంతకంటే నన్ను ఇబ్బంది పెట్టేది దుమ్ము. చాంబర్ దించగానే పైన వాల్వ్ బాడీ కనిపిస్తుంది. సన్నని కాలువలు, వాటిలో వెంట్రుకవాసి సందుతో కదిలే చిన్న చిన్న వాల్వులు, వాటిని నడిపే సోలెనాయిడ్లు, గేరు ఎప్పుడు మారాలో ఎంత ఒత్తిడితో మారాలో తేల్చేది అంతా అక్కడే. ఆటోనగర్‌లోనో మరో చోటో రోడ్డు పక్క షెడ్డులో, లారీలు పోతుంటే లేచే దుమ్ములో, ఆ భాగాన్ని గంటసేపు బార్లా తెరిచి పెట్టడం అవసరానికి మించి ఒక్కసారి కూడా చేయకూడని పని. ఆ తర్వాత బిగింపు. ఈ బోల్టులకు కావలసిన బిగింపు చాలా గేర్‌బాక్సులకు పది న్యూటన్ మీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. అంటే చిన్న పానాతో మణికట్టు బలం చాలు. మనవాళ్లు మాత్రం కారకూడదన్న పట్టుదలతో భుజబలం పెడతారు. దాంతో ప్రతి బోల్టు రంధ్రం చుట్టూ రేకు పైకి ఉబ్బి, రెండు బోల్టుల మధ్య అంచు కిందికి వంగి, సరిగ్గా ఆ వంపులోంచే కారడం మొదలవుతుంది. కారుతోంది కదా అని తర్వాతిసారి సిలికాన్ పేస్టు మందంగా పూస్తారు. బయటికి పొంగిన పేస్టును గుడ్డతో తుడుస్తారు గానీ, లోపలికి పొంగినదాన్ని ఎవరూ చూడరు. అది ముక్కలుగా ఊడి ఫిల్టర్ మూతి దగ్గరికి చేరుతుంది.

ఇంత తతంగం ఉంటుంది కాబట్టే ఆయిలు మార్చకుండా వాయిదా వేసుకోవడానికి ఏ సాకు దొరికినా హాయిగా అనిపిస్తుంది. ఆ సాకును కంపెనీలే అందించాయి. ఈ గేర్‌బాక్స్ సీల్ చేసినది, ఆయిలు జీవితాంతం మన్నుతుంది, ముట్టుకోనక్కర్లేదు అని నాకు ఒక సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర చాలా మర్యాదగా చెప్పారు. ఎవరి జీవితాంతమన్నది తేలకుండానే ఆ సంభాషణ ముగిసింది. ఎన్నో ఖరీదైన కార్లలో ఉండే ఎయిట్ హెచ్‌పీ గేర్‌బాక్స్‌ను తయారుచేసే జెడ్‌ఎఫ్ సంస్థ మాత్రం, కార్ల కంపెనీలు ఏమి చెప్పినా, వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు, ఆయిలు మార్చాలనే సిఫారసు చేస్తోంది. గేర్‌బాక్స్ తయారుచేసినవాడి మాటకూ, దాన్ని కారులో బిగించి అమ్మినవాడి మాటకూ తేడా వచ్చినప్పుడు నేను మొదటివాడి మాటే వింటాను.

పాతకాలం ఆటోమేటిక్‌లలో ఈ పేచీ ఇంతగా ఉండేది కాదు. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్ల కోసం హైడ్రామాటిక్‌ను తెచ్చి ఆటోమేటిక్‌ను జనానికి అందించిన తర్వాత, చాలాకాలం పాటు ఆయిలు మార్చడాన్ని మామూలు సంరక్షణలో భాగంగానే చూశారు. ఎన్నో అమెరికన్ కార్లలో చాంబర్‌కే కాదు, టార్క్ కన్వర్టర్‌కు కూడా డ్రెయిన్ బోల్టు ఉండేది. కన్వర్టర్‌ను తిప్పి, బోల్టు కిందికి వచ్చేలా నిలిపి, అందులోని ఆయిలును సైతం దించేసేవాళ్లు. ముందు కన్వర్టర్‌ది పోయింది, తర్వాత చాలా మోడళ్లలో చాంబర్‌ది కూడా పోయింది. ఆయిళ్లు బాగా మెరుగయ్యాయన్నది నిజమే. అయితే ఆయిలు మెరుగైనంత మాత్రాన క్లచ్ ప్లేట్ల అరుగుదల ఆగదు, ఆ పొడి ఎక్కడికీ పోదు.

కన్వర్టర్‌కు బోల్టు లేకపోవడం వల్ల ఒక చిన్న లెక్క పుడుతుంది. గేర్‌బాక్స్ మొత్తంలో తొమ్మిది లీటర్ల ఆయిలు పడుతుందనుకుందాం. చాంబర్ నుంచి దిగేది నాలుగు లీటర్లే, మిగతా ఐదు కన్వర్టర్‌లోనూ, ఆయిలును చల్లబరిచే కూలర్ పైపుల్లోనూ ఉండిపోతాయి. ఒకసారి దించి పోస్తే కొత్త ఆయిలు వాటా 44 శాతం. కొన్నాళ్లు నడిపి రెండోసారి చేస్తే 69 శాతం, మూడోసారికి 83 శాతం. డ్రెయిన్ బోల్టు ఉన్నవాడికి ఇది ఇంజిన్ ఆయిలు మార్చినంత సులువు, కాబట్టి ఇంజిన్ సర్వీసుతో పాటే ఒక్కో విడత కానిచ్చేయవచ్చు. బోల్టు లేనివాడు ఒక్కసారికే మొత్తం మార్చేయాలని యంత్రంతో ఫ్లష్ చేయించడానికి పరుగెత్తుతాడు, లేదా అసలు మార్చడు. ఫ్లషింగ్ యంత్రం చెడ్డదని నేననను, చేసేవాడికి మీ గేర్‌బాక్స్ పైపుల దారీ ఒత్తిడీ సరిగ్గా తెలిసి ఉంటే అది మంచి పద్ధతే. అంత తెలిసినవాడిని వెతకడం కంటే మూడు విడతల్లో దించి పోయడం నాకు సులువు.

ఇక వేడి సంగతి. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ వైపు చక్రానికీ గేర్‌బాక్స్ వైపు చక్రానికీ మధ్య ఉండేది ఆయిలు మాత్రమే. రెండూ ఒకే వేగంతో తిరగనంతసేపూ, ఆ తేడాకు సరిపడా శక్తి ఆయిలులో వేడిగా మారుతూనే ఉంటుంది. వేగం అందుకున్నాక లోపల ఒక క్లచ్ రెండింటినీ పట్టి కలిపేస్తుంది. దాన్నే లాక్ అప్ అంటారు, అప్పటినుంచి ఈ వేడి దాదాపు ఆగిపోతుంది. పాత గేర్‌బాక్సుల్లో లాక్ అప్ జరగాలంటే కొంత స్థిరమైన వేగం కావాలి. హైదరాబాదులో సాయంత్రం ఆరున్నరకు మైండ్‌స్పేస్ కూడలి నుంచి గచ్చిబౌలి వైపు పోయేవాడికి ఆ వేగం కలలో మాట. గేరు ఒకటిలోంచి రెండులోకి, మళ్లీ ఒకటిలోకి, బ్రేకు, మళ్లీ కదలిక. రేడియేటర్ మీదికి ఎదురుగాలి లేదు, ఉన్న గాలి మే నెలలో 40 డిగ్రీలు దాటిన గాలి, అదీ ముందున్న బస్సు పొగతో కలిసినది.

మీటరు పెట్టాక నాకు కనిపించినది ఇదే. ఔటర్ రింగు రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో స్థిరంగా పోతుంటే చాంబర్‌లో ఆయిలు 80 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. అదే బండి, అదే నెలలో, ఐకియా కూడలి దగ్గర పాకుతున్నప్పుడు 104 చూపించింది. వేగంగా తోలితే గేర్‌బాక్స్ పాడవుతుందని భయపడే మా బంధువు ఒకాయన, ఆఫీసుకు మాత్రమే వాడతాను కాబట్టి తన కారు పువ్వులా ఉందని నమ్ముతాడు. లెక్క పూర్తిగా తిరగబడి ఉంది. చాలా కంపెనీల మాన్యువళ్లలో తీవ్రమైన వాడకం అని వేరుగా ఒక పట్టిక ఉంటుంది. వేడి వాతావరణంలో ఆగి ఆగి సాగే ట్రాఫిక్ అందులో తరచు కనిపించే అంశం. హైదరాబాదులో ఆఫీసుకు పోయి వచ్చే ప్రతి ఆటోమేటిక్ కారూ ఆ పట్టికలోదే, కానీ సర్వీసు పుస్తకంలో ముద్ర పడేది మామూలు వాడకం పట్టిక ప్రకారం.

వేడికీ ఆయిలు ఆయుష్షుకూ మధ్య గేర్‌బాక్స్ మరమ్మతుదారులు చెప్పుకునే పాత లెక్క ఒకటుంది. 80 డిగ్రీలు దాటాక ప్రతి పది పదకొండు డిగ్రీలకూ ఆయిలు ఆయుష్షు సగానికి సగం తగ్గుతుందంటారు. ఇది పాత ఖనిజ ఆయిళ్ల కాలంలో పుట్టిన ఉజ్జాయింపు లెక్క, నేటి సింథటిక్ ఆయిళ్లు అంతకంటే బాగానే ఓర్చుకుంటాయి. అయినా ఆక్సీకరణ వేడితో పాటు వేగంగా పెరుగుతుందన్న అసలు విషయంలో మార్పు లేదు. 120 డిగ్రీలు దాటి ఎక్కువసేపు నడిస్తే రబ్బరు సీళ్లు గట్టిపడడం, వాల్వుల మీద జిగటగా వార్నిష్ పేరుకోవడం మొదలవుతాయి. ఆయిలు ఏ బ్రాండుదన్న చర్చకు మనవాళ్లు వెచ్చించే సమయంలో పదోవంతు, అది ఏ వేడిలో పనిచేస్తోందన్న ప్రశ్నకు ఇవ్వరు.

మొదట్లో చెప్పిన మాటకు అసలు ఆధారం మట్టంలో ఉంది. ఆయిలు వేడెక్కితే ఉబ్బుతుంది. పది లీటర్ల గేర్‌బాక్స్ ఆయిలు 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు చేరితే సుమారు 400 మిల్లీలీటర్లు పెరుగుతుంది. అందుకే డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్సులకు మట్టం చూసే పద్ధతిలో వేడిని కూడా నిర్దేశిస్తారు. ఎయిట్ హెచ్‌పీ విషయంలో ఇంజిన్ నడుస్తూ, ఆయిలు 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉండగా, పక్కనున్న రంధ్రం నుంచి పొర్లేదాకా పోయాలి. మరికొన్నింటికి ఈ పరిధి ఇంకా ఇరుకు. యూరప్‌లో చలి గ్యారేజీలో ఇది తీరుబడిగా చేసుకునే పని. మన ఊళ్లో మే నెల మధ్యాహ్నం నీడన నిలిపిన బండిలోనే ఆయిలు 40 దగ్గర ఉంటుంది, ఇంజిన్ వేసి గేర్లన్నీ ఒకసారి తిప్పి కిందికి దూరేలోగా పరిధి దాటిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. అప్పుడు చూసిన మట్టం తప్పు, వేడికి ఉబ్బిన ఆయిలు ముందే పొర్లుతుంది కాబట్టి గేర్‌బాక్స్ నిండిందనుకుని మూత బిగించేస్తారు, చల్లారాక అది తక్కువే. తక్కువైతే ఎత్తు ఎక్కేటప్పుడు పంపు గాలి పీలుస్తుంది, క్లచ్‌లకు ఒత్తిడి చాలక జారతాయి. ఎక్కువైతే తిరిగే భాగాలు ఆయిలును చిలికి నురగ చేస్తాయి, ఆ నురగా చివరికి పంపులోకే పోతుంది. చాంబర్ మీద అరచెయ్యి పెట్టి ఆ సరిపోయింది సార్ అనే మెకానిక్ మీద నాకు అనుమానం లేదు, ఆ అరచేతి మీద ఉంది. డాష్‌బోర్డు మీద అంకె కనిపిస్తుంటే తెల్లవారుజామున బండి చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, మీ గేర్‌బాక్స్‌కు చెప్పిన అంకె దగ్గర మట్టం చూసుకోవచ్చు. దించిన ఆయిలును శుభ్రమైన డబ్బాలో కొలిచి అంతే పోయవచ్చు, కొలిచేటప్పుడు రెండూ ఒకే వేడిలో ఉంటే లెక్క ఇంకా బాగా కుదురుతుంది.

దీనికి ఎదురయ్యే ఆక్షేపణల్లో న్యాయమైనది ఒకటుంది. చాలా బండ్లలో గేర్‌బాక్స్ లోపలే ఒక ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది, కంప్యూటర్ దాన్ని చూసే గేర్లు మార్చే తీరును సర్దుకుంటుంది. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి బండి లోపాలను దాని కంప్యూటరే కనిపెట్టి చెప్పే ఓబీడీ పద్ధతి రెండో దశ అమల్లోకి వచ్చింది కాబట్టి ఆ తర్వాతి కార్లలో స్టీరింగ్ కింద సాకెట్ ఉంటుంది, చవకైన బ్లూటూత్ అడాప్టర్ పెట్టి ఫోన్‌లో విలువలు చూడవచ్చు. ఐతే ఇంజిన్ కూలెంట్ వేడిలా గేర్‌బాక్స్ వేడి మామూలు యాప్‌లో కనిపించదు, అది కంపెనీ కంపెనీకీ మారే ప్రత్యేక సంకేతాల్లో ఉంటుంది. మీ మోడల్‌కు ఆ సంకేతం తెలిసి, యాప్‌లో అంకె నమ్మదగినట్టుగా కదులుతుంటే రెండో రంధ్రం అక్కర్లేదు, డ్రెయిన్ బోల్టుతో ఆపేయండి. మా బండిలో ఆ అంకె బయటికి రాలేదు.

సెన్సర్‌ను చాంబర్‌లో పెట్టాలా, కన్వర్టర్ నుంచి కూలర్‌కు పోయే పైపులో పెట్టాలా అన్న వాదన కూడా ఉంది. కన్వర్టర్ గట్టిగా జారుతున్నప్పుడు ఆ పైపులో వేడి చాంబర్ కంటే చాలా ఎక్కువగా, చాలా త్వరగా పెరుగుతుంది. చాంబర్‌లోది కూలర్ నుంచి తిరిగొచ్చిన ఆయిలు కలిసిన సగటు, నిదానంగా కదిలే అంకె. ట్రాలీలు లాగేవాళ్లకూ, తరచు ఘాట్‌లు ఎక్కేవాళ్లకూ పైపులోని అంకే ముందు హెచ్చరిస్తుంది. మట్టం చూడడానికీ ఆయిలు ఆయుష్షు అంచనాకూ చాంబర్ అంకె కావాలి. నాకు కావలసినవి ఆ రెండే.

పని బాలానగర్‌లో చేయించాను. లేత్ మిషన్లూ టిగ్ వెల్డింగూ ఒకే వీధిలో దొరికే చోటు అది, బోల్టు బిగించడానికి లోపల మర కోసిన చిన్న బుష్ ఒకటి చేయించడానికి ఊరంతా తిరగనక్కర్లేదు. చాంబర్‌ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసిన వెల్డరు మొదట అడిగిన ప్రశ్నే ఈ విషయంలో అసలు ప్రశ్న. “కంపెనీవాళ్లు పెట్టలేదంటే ఏదో కారణం ఉంటది గద సార్?”

ఉంది. బోల్టు పెట్టాలంటే చాంబర్‌కు ఒక బుష్, ఒక వెల్డు, ఒక బోల్టు, ఒక వాషర్, ఫ్యాక్టరీలో ఒక అదనపు పని. లక్షల బండ్ల మీద అది చిన్న మొత్తం కాదు. పైగా కారడానికి ఇంకో చోటు ఏర్పడుతుంది, వారంటీలో ఆ బాధ్యత వాళ్లదే. ఇంకో కారణం ఇంజినీరింగ్ పరంగా గౌరవించదగినది. ఫిల్టర్ చాంబర్ లోపల ఉంటుంది కాబట్టి దాన్ని మార్చాలంటే ఎలాగూ చాంబర్ దించాలి, బోల్టు ఇస్తే జనం ఆయిలు మార్చి ఫిల్టర్‌ను గాలికొదిలేస్తారు. ఈ భయం నిజమే, కానీ బోల్టు లేని బండ్లలో ఫిల్టరూ మారడం లేదు, ఆయిలూ మారడం లేదు. బోల్టు ఉంటే ఆయిలు ముందుగా ఖాళీ చేసి, పొడిగా ఉన్న చాంబర్‌ను శుభ్రంగా దించుకోవచ్చు, ఫిల్టర్ పని కూడా సులువే అవుతుంది. నేను వెల్డరుతో ఇంత చెప్పలేదు. “ఖర్చన్నా” అన్నాను. తలూపి పనిలో పడ్డాడు.

బోల్టు ఎక్కడ పెట్టాలన్నదే ఈ పనిలో బుర్ర పెట్టవలసిన చోటు. అడుగున మధ్యలో కిందికి చూసేలా పెడితే ఆయిలు చుక్క మిగలకుండా దిగుతుంది. కానీ మన కాలనీల స్పీడ్ బ్రేకర్ల ఎత్తు ఏ నియమానికీ లోబడినది కాదు, బండి అడుగు నుంచి ఒకటిన్నర సెంటీమీటర్లు వేలాడే బోల్టు తల ఏదో ఒక రోజు దానికి తగులుతుంది. అందుకే వెనక గోడకు, అడుగుకు వీలైనంత దగ్గరగా, బోల్టు వెనక్కి చూసేలా పెట్టించాను. అడుగున కొద్దిపాటి ఆయిలు మిగిలిపోతుంది, దానికి సిద్ధపడాలి. సెన్సర్‌ను పక్క గోడకు, ఆయిలు మట్టం కంటే బాగా కిందికి, సైలెన్సర్ పైపుకు ఎదుటి వైపున, కూలర్ నుంచి తిరిగొచ్చే ఆయిలు నేరుగా పడని చోట పెట్టాం. లోపల ఫిల్టర్‌కు తగులుతుందేమో చూడడానికి పిల్లలు ఆడుకునే క్లే ముద్దలు చాంబర్ లోపల ఆ రెండు చోట్లా అంటించి, పాత ప్యాకింగ్‌తో బండికి ఒకసారి బిగించి విప్పితే, ముద్ద ఎంత నలిగిందో దాన్నిబట్టి ఎంత జాగా ఉందో తెలిసిపోతుంది.

డ్రెయిన్ బోల్టుకు 14 మిల్లీమీటర్ల వ్యాసం, 1.5 పిచ్ మర ఎంచుకోవడానికి కారణం సాదాసీదాది, ఆ కొలత బోల్టులూ రాగి వాషర్లూ రాణిగంజ్‌లో ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. బుష్‌ను లోపలి అంచు గోడతో సమంగా ఉండేలా బయటినుంచి కూర్చి వెల్డు చేయాలి, లోపలికి పొడుచుకొస్తే ఆ మేరకు ఆయిలు అడ్డుపడి మిగిలిపోతుంది. వెల్డింగ్‌కు ముందు చాంబర్‌ను ఆయిలు వాసన కూడా లేకుండా కడగడం తప్పనిసరి, కాస్త జిడ్డు మిగిలినా వెల్డులో సూదిమొన రంధ్రాలు వస్తాయి. పల్చటి రేకు వేడికి మెలి తిరుగుతుంది, కాబట్టి మందపాటి ఇనుప పలకకు చాంబర్‌ను బిగించి, ఒక వైపు చిన్న కుట్టు, చల్లారనిచ్చి ఎదుటి వైపు ఇంకో కుట్టు, ఇలా ఆగి ఆగి చేయాలి. మా వెల్డరు ఈ ఓపిక ఉన్న మనిషి. కుట్టు పడ్డాక మధ్యలో బీడీ ముట్టించుకుని చాంబర్ చల్లారేదాకా దాని వంక చూడను కూడా చూడలేదు.

కారుతుందో లేదో తేల్చిన తీరు చూడముచ్చటగా ఉంది. వెల్డు చుట్టూ బయటివైపు సుద్దముక్కతో తెల్లగా రుద్ది, లోపల డీజిల్ పోసి, చాంబర్‌ను రెండు ఇటుకల మీద పెట్టి వదిలేశారు. ఎక్కడైనా సందుంటే డీజిల్ దాన్ని వెతుక్కుంటూ వచ్చి సుద్ద మీద తడి మచ్చగా తేలుతుంది. మా చాంబర్‌కు సెన్సర్ బుష్ పక్కన ఆవగింజంత మచ్చ తేలింది. అక్కడ గ్రైండ్ చేసి మళ్లీ కుట్టు వేసి, మళ్లీ సుద్ద రుద్ది, మచ్చ రాలేదని చూసుకున్నాకే ఇచ్చారు. ఆ తర్వాత అంచును దళసరి గాజు పలక మీద బోర్లించి చుట్టూ సందు కొలిచే ఫీలర్ గేజ్ దూర్చి చూశాం. పాత బిగింపులకు ఉబ్బిన బోల్టు రంధ్రాలను చెక్క మీద పెట్టి చిన్న సుత్తితో చదును చేయడానికి వెల్డింగ్ కంటే ఎక్కువ సమయం పట్టింది. లోపల ఎగిరిపడిన వెల్డింగ్ గింజలను ఒక్కొక్కటిగా గీకి తీసి, కడిగి, అడుగున ఉండే అయస్కాంతాన్ని తిరిగి దాని చోట పెట్టి బిగించాం.

సెన్సర్‌ను బిగించేముందు పరీక్షించాలి. మరుగుతున్న నీళ్లలో ముంచి మీటరు 100 చూపిస్తోందో లేదో చూడమని అందరూ చెబుతారు. హైదరాబాదు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మీటరు 98 చూపిస్తే అది సరైన మీటరు. ఒకే తీగ ఉన్న సెన్సర్లు ఎర్త్‌ను చాంబర్ రేకు ద్వారానే తీసుకుంటాయి, సెన్సర్ మర మీద తెల్ల టేపు దళసరిగా చుడితే ఎర్త్ సరిగా అందక అంకె తప్పుతుంది. వేడిని బట్టి నిరోధం తగ్గే రకం సెన్సర్‌లో ఎర్త్ బలహీనపడితే, అదనంగా చేరిన నిరోధం వల్ల ఆయిలు అసలు కంటే చల్లగా ఉన్నట్టు కనిపిస్తుంది. అంటే తప్పు జరిగేది కూడా ప్రమాదకరమైన దిశలోనే.

మీటరు ఉండడం వల్ల తోలే తీరులో మారింది కొంచెమే. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెడితే పెద్ద తేడా కనిపించలేదు, అడుగు అడుగు పాకడం మానేసి ముందు కాస్త సందు ఏర్పడనిచ్చి ఒకేసారి కదిలితే కనిపించింది. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటి ఆనకట్ట దగ్గరికి దిగి, కృష్ణ దాటాక సున్నిపెంట వైపు ఎక్కేటప్పుడు అంకె 112 దాకా పోయింది. గేరును చేత్తో ఒకటి తగ్గించి పట్టి ఉంచితే ఇంజిన్ మోత పెరిగింది గానీ, కన్వర్టర్ జారుడు తగ్గి అంకె అక్కడే ఆగింది. డీలో, అంటే మామూలు డ్రైవ్‌లో, వదిలేస్తే పెద్ద గేరులోకి పోవాలని ఆరాటపడుతూ, పోలేక వెనక్కి వస్తూ, ఆ మధ్యలోనే వేడి పెంచేది.

దీన్ని చూసి కొందరు లోతైన అల్యూమినియం చాంబర్లు, రెక్కలున్నవి, తెప్పించుకోవాలనుకుంటారు. అదనంగా పట్టే ఒకటి రెండు లీటర్ల వల్ల ఆయిలు నిదానంగా వేడెక్కే మాట నిజం, వేడెక్కాక అంతే నిదానంగా చల్లారుతుంది. వేడిని నిజంగా తీసేసేది కూలర్. నా డబ్బయితే దానికే పెడతాను.

డ్రెయిన్ బోల్టు వల్ల నేను ముందు ఊహించని ఉపయోగం వానాకాలంలో తెలిసింది. 2020 అక్టోబరు వరదల తర్వాత నీళ్లలోంచి నడిచిన బండ్ల గురించి మెకానిక్‌లందరూ ఇంజిన్ మాటే మాట్లాడారు. వేడెక్కిన గేర్‌బాక్స్ ఒక్కసారిగా నీటిలో చల్లబడితే లోపలి గాలి కుంచించుకుపోయి, పైనున్న చిన్న గాలిగొట్టం నీటిలో మునిగి ఉంటే దాని ద్వారా నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడితే కూలెంట్ కూడా ఇలాగే ఆయిలులో కలుస్తుంది. ఏ దారిన వచ్చినా నీరు చేరిన ఆయిలు గులాబీ రంగు పాలలా మారుతుంది, క్లచ్ ప్లేట్ల మీది పొర ఊడడం మొదలవుతుంది. బోల్టు ఉన్నవాడు మోకాలి లోతు నీళ్లలోంచి వచ్చిన మర్నాడు ఉదయం, ఇంజిన్ వేయకముందే, బోల్టును కొద్దిగా వదులు చేసి గాజు గ్లాసులోకి నాలుగు చెంచాలు పట్టి చూసుకోగలడు. నీరు బరువు కాబట్టి రాత్రంతా నిలిచిన బండిలో అడుగున చేరినది ముందుగా వస్తుంది. అయస్కాంతం ఉన్న బోల్టయితే దాని మీద చేరినదీ అప్పుడే చూడవచ్చు. బూడిదరంగు మెత్తటి ముద్ద మామూలు అరుగుదల, వేళ్ల మధ్య గరుకుగా తగిలే పలుకులుంటే గేర్‌బాక్స్ విప్పేవాడిని వెతుక్కోవలసిన వేళ అయింది.

వారంటీలో ఉన్న బండికి ఈ పని చేయించవద్దు, రేపు గేర్‌బాక్స్‌లో ఏ సమస్య వచ్చినా వెల్డు వైపే వేలు చూపుతారు. చట్టం వైపు నుంచి నాకు ఇబ్బంది కనిపించలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకునేది ఆర్‌సీలో నమోదైన వివరాలు మారిపోయేలా చేసే మార్పులను, ఆర్‌సీలో చాంబర్ బోల్టు ఊసు లేదు. ఎయిట్ హెచ్‌పీ లాంటి గేర్‌బాక్సుల ప్లాస్టిక్ చాంబర్లకు వెల్డింగ్ కుదరదు, అవసరమూ లేదు, వాటికి బోల్టు ముందే ఉంటుంది, ఫిల్టర్ చాంబర్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి చాంబర్‌ను మొత్తంగా మార్చడమే పద్ధతి. వెల్డింగ్ లేకుండా రంధ్రం వేసి నట్టుతో బిగించే కిట్లు కూడా దొరుకుతాయి. బోల్టు విప్పేటప్పుడు లోపలి నట్టు కూడా దానితో తిరిగే ప్రమాదం ఉన్నందువల్ల వాటిని నేను వాడను. దించిన పాత ఆయిలును మోరీలో పారబోయకుండా, ఇంజిన్ ఆయిలుతో పాటే పాత ఆయిలు కొని రీసైక్లింగ్‌కు పంపేవాళ్లకు ఇవ్వండి.